రహదారిపైకి వచ్చిన ఇల్లు, ఇంటిపైకి వచ్చిన రహదారి: ఆక్రమణ చట్టాల్లో ‘అంచు’ సమస్య

వ్యాస సంగ్రహం

ప్రజారహదారిపై లేచిన కట్టడం పట్ల మన చట్టాలు చూపే కాఠిన్యం ఇతర ఆక్రమణల పట్ల చూపేదానికంటే ఎక్కువ. దీర్ఘకాల అనుభవం, ఇంటిపన్ను రసీదులు, క్రమబద్ధీకరణ పథకాలు దానికి అండగా నిలవవు. 2024 నవంబరు 13న సర్వోన్నత న్యాయస్థానం కూల్చివేతలకు విధించిన నిబంధనలు కూడా రహదారిపైని అక్రమ కట్టడానికి వర్తించవు. ఇంతటి కాఠిన్యం న్యాయసమ్మతం కావాలంటే ఆ కట్టడం రహదారి హద్దు లోపలే ఉందని ముందుగా తేలాలి. అది తేల్చవలసినది ఎవరు, ఏ రికార్డు ఆధారంగా తేల్చాలి అనే విషయాన్ని కృష్ణా మెట్టప్రాంతంలోని గరికపాడును దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఆక్రమణ, పోరంబోకు, డొంక, గ్రామకంఠం, రహదారి విస్తరణ, నోటీసు, భూ ఆక్రమణ చట్టం 1905.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి తెలంగాణ సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించేది జగ్గయ్యపేట మండలం గరికపాడు వద్ద. 2010లో నంబర్లు మార్చక మునుపు ఇది 9వ నంబరు రహదారి. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్టప్రాంతమైన ఈ భూభాగం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జాతీయ రహదారిని ఆనుకున్న ఇటువంటి గ్రామంలో మూడు రకాల బాటలను గుర్తించవచ్చు. ఒకటి కేంద్ర ప్రభుత్వ అధీనంలోని జాతీయ రహదారి, రెండవది పంచాయతీ అధీనంలోని ఊరి వీధి, మూడవది పొలాల మధ్యగా పోయే డొంక. ఒకే గృహస్థుకు ఊళ్లో ఇల్లు, రహదారి పక్కన కొట్టు, డొంక వెంట పొలం ఉండవచ్చు. అప్పుడు అతని మూడు గోడలూ మూడు వేర్వేరు చట్టాలకు లోబడి ఉంటాయి.

‘ఆక్రమణ’ శబ్దాన్ని ఒక్కసారి పరిశీలించాలి. ‘క్రమ్’ ధాతువుకు అడుగు వేయడమని అర్థం. ఆక్రమణ అంటే ఒకదానిమీదికి అడుగు వేయడం. కనుక ఈ మాట వాడినప్పుడల్లా ఎవరు ఎవరిమీదికి అడుగు వేశారన్న ప్రశ్న అందులోనే ఉంటుంది. ఇల్లు రహదారి మీదికి జరిగిందా? లేక రహదారే ఇంటి మీదికి వచ్చిందా? చట్టంలో ఈ రెంటికీ పోలికే లేదు. మొదటి సందర్భంలో గృహస్థుకు పరిహారం దక్కదు, పైగా జరిమానా పడవచ్చు. రెండవ సందర్భంలో భూసేకరణ జరగాలి, భూమికీ కట్టడానికీ వెల కట్టి చెల్లించాలి. అయినా పాలనా వ్యవహారంలోనూ పత్రికల్లోనూ రెండింటికీ ‘ఆక్రమణల తొలగింపు’ అన్న ఒకే పేరు స్థిరపడింది. ఈ పేరు వల్ల జరిగే నష్టం భాషకు మాత్రమే పరిమితం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. బాట ఎవరిది?

ఆంధ్ర ప్రాంతంలో ఈ విషయానికి మూలం 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం. నేడు దీన్ని ఆంధ్రప్రదేశ్ భూ ఆక్రమణ చట్టంగా వ్యవహరిస్తున్నాం. దీని 2వ సెక్షను బాటలు, వీధులు, సందులు, వంతెనలు, గుంటలు మొదలైనవన్నీ ప్రభుత్వ ఆస్తి అని ప్రకటిస్తుంది. అయితే జమీందార్లు మొదలైనవారికి చెందిన భూములను మినహాయిస్తుంది. ఈ మినహాయింపు మెట్టప్రాంతానికి చిన్న విషయం కాదు. ముక్త్యాల, మునగాల వంటి జమీందారీలు ఉండిన ప్రాంతమిది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం ప్రకారం ఆయా ఎస్టేట్లలోని ఉమ్మడి భూములు, పోరంబోకులు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. అంటే జమీందారీ గ్రామంలోని ఒక డొంకకు ప్రభుత్వం యజమాని అయిన తేదీ, రైత్వారీ గ్రామంలోని డొంకకు అయిన తేదీ ఒకటి కాదు. పాత దస్తావేజులతో వాదించేవారు గుర్తుంచుకోవలసిన తేడా ఇది.

‘పోరంబోకు’ తమిళ ‘పుఱంపోక్కు’ నుంచి వచ్చిన మాట. పన్ను లెక్కకు వెలుపల ఉంచిన భూమి అని దాని అర్థం. అందరికీ చెందిన నేలకు పెట్టిన ఈ పేరు తెలుగు వాడుకలో పనికిమాలినవాణ్ణి తిట్టే తిట్టుగా మారింది. ఉమ్మడి ఆస్తి గురించి మనం ఏమనుకుంటున్నామో ఈ అర్థపరిణామమే చెబుతుంది. ‘డొంక’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తీగ లాగితే కదిలే సామెతలోని డొంక పొద. కృష్ణా, గుంటూరు ప్రాంతాల రెవెన్యూ రికార్డులోని డొంక బండ్లబాట. రెండు పక్కలా రైతులు గట్టు జరుపుకుంటూ పోగా పోగా బండి తిరగని స్థితికి వచ్చిన డొంకలు లేని మండలం అరుదు.

ఊరి వీధుల సంగతి వేరు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 53వ సెక్షను ప్రకారం గ్రామంలోని ప్రజాబాటలు గ్రామపంచాయతీకి దఖలుపడతాయి. పంచాయతీ ఆస్తుల రక్షణకు 2011 జూలై 21న జీవో ఎంఎస్ 188 ద్వారా ప్రత్యేక నియమాలు కూడా వచ్చాయి. జాతీయ రహదారికి 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ఉంది. దాని 23వ సెక్షను రహదారి భూమిని కేంద్ర ప్రభుత్వ ఆస్తిగా భావించాలంటుంది. 24వది అనుమతి లేని ఆక్రమణను నిషేధిస్తుంది. 26వది తొలగింపు పద్ధతిని చెబుతుంది. సాధారణంగా నోటీసు ఇచ్చి కారణం అడగాలి. ఆరుబయట సరుకులు పరచడం, తాత్కాలిక అంగళ్లు పెట్టడం వంటివాటిని మాత్రం నోటీసు లేకుండానే తీసివేయవచ్చు.

ఇంతకూ రహదారి అంటే తారు పరిచిన మేర మాత్రమేనా? కాదు. మంగళౌర్ పురపాలక సంఘం కేసులో (1965లో నివేదికలకెక్కిన తీర్పు) రాజమహేంద్రవరానికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఈ విషయాన్ని స్పష్టం చేశారు. బాటకు ఇరువైపులా ఉండే కాలువలు, పక్కనేలలు బాట నిర్వహణకు అవసరమైనవి కాబట్టి సాధారణంగా బాటలో భాగమేనన్నారు. ఆ తీర్పులో మరో ముఖ్యాంశం ఉంది. అప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఆ పురపాలక సంఘం బాట పక్క నేలలో గాంధీ విగ్రహం, చలివేంద్రం, గ్రంథాలయం పెట్టదలచింది. బాటగా వాడుకోవడానికి అవసరం లేని ఏ కట్టడాన్నీ సంఘం సైతం అక్కడ లేపరాదని న్యాయస్థానం తేల్చింది. అంటే రహదారి దఖలుపడిన సంస్థ కూడా దానిని ఆక్రమించగలదు. సర్వోన్నత న్యాయస్థానం 2009 సెప్టెంబరు 29న ప్రజావీధుల్లో అనధికార మతకట్టడాలను, 2013 జనవరి 18న రోడ్లు, కాలిబాటలపై విగ్రహాలను, ఇతర కట్టడాలను అనుమతించరాదని ఆదేశించింది. ఆ తరువాతి నెలలోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 18 వెలువరించింది. కూడళ్లలో విగ్రహాలు ఆ తరువాత తగ్గాయో లేదో పాఠకులే గమనించగలరు.

3. ఏళ్లు గడిస్తే హక్కు వస్తుందా?

‘మా తాతలనాటి నుంచి ఉన్నాం’ అన్నది గృహస్థుల ప్రధాన వాదన. ప్రైవేటు భూమి విషయంలో పన్నెండేళ్ల ప్రతికూల స్వాధీనానికి విలువ ఉంది. ప్రజాబాట విషయంలో 1963 నాటి కాలపరిమితి చట్టం స్థానిక సంస్థకు 111వ అధికరణం కింద, ప్రభుత్వానికి 112వ అధికరణం కింద ముప్పయ్యేళ్ల గడువిచ్చింది. ఈ గడువు దావాకు మాత్రమే సంబంధించినది. ఒకసారి రాజమార్గమైనది ఎల్లప్పుడూ రాజమార్గమేనన్న పాత న్యాయసూత్రం మన న్యాయస్థానాల్లోనూ నిలిచింది. కొందరు కొంత మేర కట్టుకున్నంత మాత్రాన ప్రజల నడకహక్కు నశించదు.

గృహస్థులు దాచుకునే కాగితాలు ఈ సందర్భంలో విచిత్రమైన పాత్ర పోషిస్తాయి. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు స్వాధీనాన్ని చూపగలవేమో గాని హక్కును ఇవ్వవు. ‘బి-మెమో’ కథ ఇంకా విచిత్రం. 1905 చట్టం కింద అక్రమంగా అనుభవించిన భూమికి శిస్తు, జరిమానా విధిస్తూ రెవెన్యూవారు ఇచ్చే తాఖీదు అది. పల్లెల్లో దాన్ని పట్టాకు తమ్ముడిలా భద్రపరుస్తారు. నిజానికి ‘ఈ భూమి నీది కాదు’ అని ప్రభుత్వం చెప్పినట్లు, డబ్బు కట్టి దానికి గృహస్థు తలవూపినట్లు నిరూపించే కాగితం అది. స్వాధీనం ఎప్పటి నుంచి ఉందో చెప్పడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

క్రమబద్ధీకరణ పథకాల దారి కూడా ఇక్కడ మూసుకుపోతుంది. 2008 ఫిబ్రవరి 16 నాటి జీవో 166 మొదలుకొని ఈ ఉత్తర్వులన్నీ ‘అభ్యంతరం లేని’ ప్రభుత్వ భూముల్లోని ఇళ్లకు ఉద్దేశించినవి. బాట, చెరువు, వాగు, శ్మశానం అభ్యంతరకరమైన కోవలోకి వస్తాయి. బంజరులో ఇల్లు కట్టుకున్నవానికి ఏదో ఒకనాడు పట్టా రావచ్చు; బాటలో అరుగు కట్టుకున్నవానికి ఆ ఆశ లేదు. దీనిలో తర్కం ఉంది. బంజరును ప్రభుత్వం ఇచ్చేస్తే నష్టపోయేది ప్రభుత్వం. బాటను ఇచ్చేస్తే నష్టపోయేది అంబులెన్సు కోసం ఎదురుచూసే పక్కింటివారు.

4. నోటీసు: ఇవ్వవలసినదీ, చాలనిదీ

1905 చట్టం 6వ సెక్షను తహసీల్దారుకు సంక్షిప్త పద్ధతిలో ఖాళీ చేయించే అధికారం ఇచ్చింది. అంతకు ముందు 7వ సెక్షను కింద కారణం చూపమని నోటీసు ఇవ్వాలి. ఈ అధికారానికి హద్దు గీసిన తీర్పు మన నేలమీది వివాదం నుంచే వచ్చింది. హైదరాబాదులోని హబ్సిగూడ భూములు ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం సేకరించినవని ప్రభుత్వ వాదన. విశ్వవిద్యాలయం 1956లో వేసిన దావా ఓడిపోయింది. దావాలో దక్కనిదాన్ని తహసీల్దారు నోటీసుతో దక్కించుకునే ప్రయత్నం తరువాత జరిగింది. 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ దాన్ని కొట్టివేశారు. హక్కు గురించి నిజాయితీతో కూడిన వివాదం ఉన్నప్పుడు, ముఖ్యంగా స్వాధీనం దీర్ఘకాలికమైనప్పుడు, ప్రభుత్వం తన పక్షాన తానే తీర్పు చెప్పుకొని సంక్షిప్త పద్ధతిలో ఖాళీ చేయించరాదు. సివిలు న్యాయస్థానానికి వెళ్లాలి. ఇది ఆక్రమణదారుకు హక్కునిచ్చే తీర్పు కాదు. వివాదం తేల్చే పీఠం ఏదన్నదే అందులోని అంశం.

అదే న్యాయమూర్తి 1985లో బొంబాయి కాలిబాటవాసుల కేసులో (ఓల్గా టెల్లిస్) జీవనోపాధి 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నారు. అయితే కాలిబాటలు పాదచారుల కోసమేనని, వాటిని నివాసాలుగా వాడుకునే హక్కు ఎవరికీ లేదని కూడా అదే తీర్పులో చెప్పారు. మొదటి వాక్యాన్ని ఉటంకించేవారు రెండవదాన్ని, రెండవదాన్ని ఉటంకించేవారు మొదటిదాన్ని వదిలివేయడం మన చర్చల్లో పరిపాటి. అహ్మదాబాదులోని రఖియాల్ రోడ్డు ఆక్రమణల కేసులో (1996) న్యాయస్థానం ఈ రెంటినీ కలిపి చూసింది. వీధులను ఖాళీగా ఉంచడం నగరపాలక సంస్థ విధి అంటూనే, తగిన వ్యవధితో నోటీసు ఇవ్వాలన్నది.

ఇక 2024 నవంబరు. ఆ నెలలో వారం రోజుల తేడాతో వచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన ఉంచి చదవకపోతే ఈ అంశం సగమే అర్థమవుతుంది. నవంబరు 13న న్యాయమూర్తులు బి.ఆర్. గవాయ్, కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం కూల్చివేతలకు ముందు పదిహేను రోజుల నోటీసు, వాదన వినడం, ఉత్తర్వు తరువాత మరో పదిహేను రోజుల వ్యవధి, కూల్చివేతను వీడియో తీయడం వంటి నియమాలు విధించింది. పత్రికలన్నీ వీటిని ప్రముఖంగా ప్రచురించాయి. అయితే రోడ్డు, వీధి, కాలిబాట వంటి బహిరంగ ప్రదేశాల్లోని, రైలుమార్గాన్ని ఆనుకున్న, నదులు, జలాశయాల్లోని అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని అందులోనే ఉంది. ఈ మినహాయింపు చదివిన అధికారికి రోడ్డు మీది ఇంటికి నోటీసే అక్కరలేదన్న భావం కలగవచ్చు. అది పొరపాటు.

5. మహారాజ్‌గంజ్ నుంచి ఇప్పటం వరకు

అంతకు వారం ముందు, నవంబరు 6న, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ ఇంటి కేసును తేల్చింది. (1982, 1985 తీర్పులు చెప్పిన న్యాయమూర్తి ఆయన తండ్రి.) 2019 సెప్టెంబరులో జాతీయ రహదారి విస్తరణ పేరుతో ఒక పాత్రికేయుని ఇంటిని కూల్చారు. ఇల్లు 3.70 మీటర్ల మేర రహదారిలోకి వచ్చిందన్నది అధికారుల మాట. కూల్చినది అంతకంటే ఎక్కువ. లిఖితపూర్వకమైన నోటీసు లేదు, దండోరాతో సరిపెట్టారు. న్యాయస్థానం మధ్యంతర పరిహారంగా 25 లక్షల రూపాయలు చెల్లించమని, బాధ్యులపై చర్య తీసుకోమని ఆదేశించింది.

ఆ తీర్పు రోడ్డు విస్తరణకు పూనుకునే ప్రతి రాష్ట్రానికీ ఒక క్రమాన్ని నిర్దేశించింది. మొదట రికార్డుల ద్వారా, పటాల ద్వారా రోడ్డు ప్రస్తుత వెడల్పును నిర్ధారించాలి. ఆ పటాలతో పోల్చి సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే కారణాలతో కూడిన ఉత్తర్వు ద్వారా పరిష్కరించాలి. తిరస్కరిస్తే తొలగించుకోవడానికి తగిన వ్యవధినివ్వాలి. ఉన్న రోడ్డు వెడల్పు, పక్కనున్న ప్రభుత్వ భూమి కలిపినా విస్తరణకు చాలకపోతే చట్టప్రకారం భూమిని సేకరించాలి.

ఈ క్రమంలో ‘ఆక్రమణ’ అన్న మాట రెండవ మెట్టు మీద గాని కనిపించదు. రోడ్డు వెడల్పు తేలేవరకు ఆ ఇల్లు ఆక్రమణ కాదు, ఇల్లే. నవంబరు 13 తీర్పులోని మినహాయింపు రహదారిపైని కట్టడానికి. కట్టడం రహదారిపై ఉందో లేదో తేల్చే పద్ధతి నవంబరు 6 తీర్పులో ఉంది. మొదటిదాన్ని వాడుకోవాలంటే రెండవదాన్ని దాటి రావాలి. రెండు తీర్పులను ఈ వరుసలో చదవడమే సమంజసమని నా ఉద్దేశం.

పరిహారం లెక్క చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. జాతీయ రహదారుల చట్టం 1956 ప్రకారం విస్తరణకు భూమి కావాలంటే 3ఎ సెక్షను కింద ప్రకటన, 3డి కింద ప్రభుత్వానికి దఖలు, 3జి కింద పరిహార నిర్ణయం జరుగుతాయి. 2015 నుంచి 2013 నాటి భూసేకరణ చట్టంలోని పరిహార సూత్రాలు దీనికీ వర్తిస్తున్నాయి. కట్టడం విలువ కలుస్తుంది, దానిపై నూరు శాతం సొలేషియం చేరుతుంది. గరికపాడు దగ్గర రహదారి పక్కన ఒక కొట్టు ఉందనుకుందాం. దాని ముందు గోడ రహదారి భూమి హద్దుకు అడుగు ఇవతల ఉంటే విస్తరణ వేళ యజమాని పరిహారానికి అర్హుడు. అడుగు అవతల ఉంటే ఆ మేరకు అతనికి దక్కేది 26వ సెక్షను కింద నోటీసు.

రాష్ట్రంలో ఈ సమస్య అందరి దృష్టికీ వచ్చినది 2022 నవంబరు 4న, గుంటూరు జిల్లా ఇప్పటంలో. రోడ్డు విస్తరణ పేరుతో కొన్ని ఇళ్ల భాగాలను, ప్రహరీలను తొలగించారు. నోటీసులు ఇవ్వలేదంటూ గ్రామస్థులు హైకోర్టును ఆశ్రయించి మధ్యంతర రక్షణ పొందారు. ముందే నోటీసులు ఇచ్చినట్లు ప్రభుత్వం చూపగా, ఆ సంగతి దాచినందుకు 14 మంది పిటిషనర్లకు ఒక్కొక్కరికి లక్ష రూపాయల వంతున కోర్టు జరిమానా విధించింది. ఆ వ్యవహారం చుట్టూ అలముకున్న రాజకీయాన్ని పక్కన పెడితే, వాదమంతా నోటీసు ఇచ్చారా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. ఆ రోడ్డు పూర్వపు వెడల్పు ఎంత, ఏ గోడ ఎంత లోపలికి వచ్చింది అన్న అసలు ప్రశ్న బహిరంగ చర్చలో దాదాపు వినిపించలేదు.

6. అంచు ఏ కాగితంలో ఉంది?

పొలాల్లోని డొంకకు జవాబు కొంత తేలిక. దానికి సాధారణంగా సొంత సర్వే నంబరు, క్షేత్ర కొలతల పుస్తకంలో (ఎఫ్‌ఎంబీ) కొలతలు ఉంటాయి. పాత పుస్తకాల్లో అవి లింకుల్లో ఉంటాయి; లింకు అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. జాతీయ రహదారికి భూసేకరణ పటాలున్నాయి. చిక్కంతా ఊరి నడుమనే. గ్రామకంఠం మొత్తానికి సాధారణంగా ఒకే సర్వే నంబరు. లోపలి ఇళ్లకు, సందులకు విడివిడి కొలతలు పాత రెవెన్యూ రికార్డులో ఉండవు. శిస్తు లేని నేల కాబట్టి కొలవవలసిన అవసరం నాటి ప్రభుత్వానికి కనిపించలేదు. గ్రామపటం మీద స్కేలు పెట్టి వీధి వెడల్పు చెప్పబూనడం మరీ ప్రమాదం. మైలుకు 16 అంగుళాల ప్రమాణంతో గీసిన పటంలో ఒక మిల్లీమీటరు నేలమీద దాదాపు నాలుగు మీటర్లు. గీత మందంలోనే ఒక వరండా దాగిపోతుంది.

భారతీయ రోడ్ల కాంగ్రెస్ 1980 ప్రమాణాల్లో గ్రామీణ రోడ్డుకు జనావాసాల్లో 10 మీటర్లు, బయట 12 మీటర్లు భూమి ఉండాలని సూచన ఉంది. కొన్నిచోట్ల ఈ అంకెలనే రోడ్డు వెడల్పుగా చూపి గుర్తులు పెట్టడం కద్దు. అది ఉండవలసిన వెడల్పు గాని ఉన్న వెడల్పు కాదు. ఉండవలసినంత లేనిచోట దారి సేకరణే.

కొత్త సర్వేలు ఈ లోటును పూరిస్తాయన్న ఆశ ఉంది. రాష్ట్రవ్యాప్త భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న ఈ జగ్గయ్యపేట మండలంలోనే, తక్కెళ్లపాడులో మొదలైంది. అదే ఏడు ఏప్రిల్‌లో ఆరంభమైన కేంద్రపు స్వామిత్వ పథకం జనావాసాలను డ్రోన్లతో కొలుస్తోంది. కాని డ్రోన్ నేడు నేలమీద ఉన్న గోడనే చూస్తుంది. యాభై ఏళ్ల కిందట బాట ఎక్కడి వరకు ఉండేదో చూడదు. పాత కొలతలతో సరిపోల్చకుండా నేటి గోడనే హద్దుగా ఖరారు చేస్తే, వీధిలోకి రెండడుగులు జరిగిన ఇంటికి ఆ రెండడుగులూ రికార్డులోకి ఎక్కుతాయి. ఎదురింటివాడు తన హద్దులోనే కట్టుకొని ఉంటే, రేపు విస్తరణ వేళ ఇరుకైన ఆ వీధికి కావలసిన మేరను అతని వైపు నుంచి కూడా కోరవచ్చు.

అందువల్ల పంచాయతీ గాని, తహసీల్దారు గాని, రహదారి అధికారి గాని ఇచ్చే నోటీసు ‘మీ కట్టడం రోడ్డు మార్జిన్‌లో ఉన్నందున’ అన్న ఒక్క వాక్యంతో మొదలై ముగియరాదు. సర్వే నంబరు, ఏ రికార్డు ప్రకారం బాట వెడల్పు ఎంత, ఏ తేదీన ఏ గుర్తు నుంచి కొలిచారు, కట్టడం ఎన్ని మీటర్లు లోపలికి వచ్చింది అన్నవి గృహస్థు చదువుకోగల తెలుగులో ఉండాలి. కొత్త పటానికీ పాత ఎఫ్‌ఎంబీకీ తేడా ఉన్నచోట రెండు కొలతలనూ చూపాలి. అలా చూపితే గృహస్థు జవాబు ‘మా ఇల్లు ఎప్పటినుంచో ఇక్కడే ఉంది’ అన్నచోట ఆగిపోదు. కొలత సరైనదని ఒప్పుకోవడమో, తప్పని తన దస్తావేజుతో చూపడమో ఏదో ఒకటి అతడు చేయవలసి వస్తుంది.